ఎవరు బయటికి రాలేరో ముందు గీయండి

అజ్మాన్‌లో కూర్చుని కార్చిచ్చు గురించి మాట్లాడితే పక్కవాడు నవ్వుతాడు. యూఏఈలోని ఏడు ఎమిరేట్లలోకీ చిన్నది, మొత్తం కలిపి 259 చదరపు కిలోమీటర్లు. నగరానికి ఒక పక్క సముద్రం, మిగతా పక్కలన్నీ షార్జా. అడవి అనదగ్గది అల్ జోరా దగ్గరి మడచెట్ల గుంపు ఒక్కటే, అదీ ఉప్పునీళ్లలో నిలబడి ఉంటుంది. దూరంగా మనామాలో, మస్‌ఫూత్ కొండల నడుమ ఖర్జూరపు తోటలున్నాయి. అక్కడ ఎండుమట్టల కుప్పకు నిప్పంటుకుంటే పక్కనున్న కూలీల షెడ్డు దాకా రావచ్చు గానీ, ఊళ్లకు ఊళ్లు తగలబడే పరిస్థితి లేదు.

అయినా కార్చిచ్చుల దేశాల్లో పెరిగిన ఒక పని అజ్మాన్ సనాయాలో, అంటే పారిశ్రామిక వాడలో, బతికే మనవాళ్లకు బాగా అక్కరకొస్తుంది. ఏ ఊరికి ఎంత ముప్పుందో పటం గీసి, ఆ పటాన్నిబట్టి ముందు ఏ పని చేయాలో తేల్చుకోవడమే ఆ పని. జగిత్యాల నుంచో నిర్మల్ నుంచో కడప నుంచో వచ్చి, ఇక్కడ సేఫ్టీ అసిస్టెంటుగా, క్యాంప్ బాస్‌గా, స్టోర్‌కీపర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. హోదా ఏదైనా సరే, మీరుండే లేబర్ క్యాంపుకు నిప్పు ముప్పు పటం ఒకటి మీరే గీయగలరు. పెద్ద చదువు అక్కర్లేదు. ఓపిక కావాలి, ముదీర్ (మేనేజరు) అనుమతి కావాలి, రూముల్లో ఉండేవాళ్ల నమ్మకం కావాలి. మూడోదే కష్టం.

ముందు ఆ విద్య ఎక్కడ ఏం నేర్చుకుందో చూద్దాం. 2018 నవంబరు 8న కాలిఫోర్నియాలో పారడైజ్ అనే పట్టణం కాలిపోయింది. కొండ మీది ఊరు, రిటైరైనవాళ్లు ఎక్కువ, కిందికి దిగే దారులు తక్కువ. తెల్లవారుజామున కరెంటు లైను దగ్గర పుట్టిన మంట గాలి ఊపుకు కొన్ని గంటల్లోనే ఊరిని చుట్టేసింది. 85 మంది చనిపోయారు, 18 వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. ముప్పుందని ఆ ఊరికి తెలియక కాదు. ఊరిని భాగాలుగా విడగొట్టి, ఒకదాని తరవాత ఒకటి ఖాళీ చేయించే ప్రణాళిక కూడా చేతిలో ఉంది. మంట అంత వ్యవధి ఇవ్వలేదు, అన్ని భాగాలవాళ్లూ ఒకేసారి రోడ్డెక్కాల్సి వచ్చింది. పోయినవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు.

అమెరికా అటవీశాఖ 2020లో దేశంలోని ఊళ్లన్నిటికీ కార్చిచ్చు ముప్పు చూపే పటాలను అందరికీ అందుబాటులో పెట్టింది. అందులో ఎక్కడ మంట రావచ్చు, వస్తే ఎన్ని ఇళ్లకు తగులుతుంది అన్న లెక్కలతో పాటు ఇంకో పొర ఉంది: కారు లేని కుటుంబాలు ఎన్ని, అరవై ఐదు దాటినవాళ్లు ఎందరు, అంగవైకల్యం ఉన్నవాళ్లు ఎందరు, ఇంగ్లిషు రానివాళ్లు ఎందరు. నా ఉద్దేశంలో మన పనికి ఈ పొరే ముఖ్యం. మన సేఫ్టీ ఆఫీసుల్లో మంట ఎక్కడ పుడుతుందో వెతికేవాళ్లు చాలామంది ఉంటారు. పుట్టాక ఎవరు చిక్కుకుపోతారో వెతికేవాళ్లు తక్కువ.

అదే అటవీశాఖలో జాక్ కోహెన్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి ఇంకో విషయం చూపించాడు. కార్చిచ్చులో చాలా ఇళ్లు మంటల గోడ వచ్చి మీద పడటం వల్ల కాలవు. గాలికి ఎగిరొచ్చిన నిప్పురవ్వలు గోడ పక్కనున్న ఎండుటాకుల్లోనో, చెక్క అరుగు కిందో పడటం వల్ల కాలతాయి. ఇల్లూ, దాని చుట్టూ ముప్పై మీటర్ల లోపు ఉన్న వస్తువులూ కలిసే ఆ ఇంటి గతిని తేలుస్తాయి. గోడను ఆనుకుని ఉన్న మొదటి మీటరున్నర మరీ ముఖ్యం. ఈ మాట గుర్తుంచుకోండి, క్యాంపు చుట్టూ నడిచేటప్పుడు అవసరమవుతుంది.

గల్ఫ్ మంటలు

అజ్మాన్‌కు నిప్పు కొత్త కాదు. 2016 మార్చి 28 రాత్రి అజ్మాన్ వన్ టవర్లలో మంటలు పై అంతస్తుల నుంచి రాలిపడుతున్న దృశ్యాన్ని ప్రపంచమంతా చూసింది. 2023 జూన్‌లో అదే సముదాయంలో మరో టవర్ అంటుకుంది. 2020 ఆగస్టు 5న కొత్త సనాయాలోని ఇరానీ మార్కెట్టు కాలి, వందకు పైగా దుకాణాలు పోయాయి. కోవిడ్ వల్ల అప్పటికి మార్కెట్టు మూసి ఉంది కాబట్టి ప్రాణనష్టం లేదు. టవర్ల మంటలు టీవీలో పెద్దగా కనిపిస్తాయి గానీ, ప్రాణాలు తీసేవి ఎక్కువగా వేరే రకం. 2023 ఏప్రిల్ 15న దుబాయి దేరాలో, అల్ రాస్‌లోని ఒక పాత నివాస భవనంలో మంటకు 16 మంది పోయారు. అదేమీ ఆకాశహర్మ్యం కాదు.

మన పాఠం మాత్రం కువైట్‌దే. 2024 జూన్ 12, మంగఫ్. సుమారు రెండు వందల మంది కార్మికులు ఉంటున్న భవనంలో, తెల్లవారకముందే, కింది అంతస్తులో వాచ్‌మన్ గది దగ్గర కరెంటు లోపం వల్ల మంట మొదలైంది. పొగ మెట్ల గుండా పైకెక్కింది. గదులను విడగొట్టడానికి పెట్టిన అడ్డుగోడలు త్వరగా అంటుకునే సరుకుతో చేసినవని, మేడ మీది తలుపు తాళం వేసి ఉందని అక్కడి అగ్నిమాపక దళం చెప్పింది. మంట అన్ని అంతస్తులకూ పాకనే లేదు, చాలామంది పొగకే పోయారు. రెండు రోజులకు వాయుసేన విమానంలో కొచ్చి చేరిన 45 శవపేటికల్లో మూడు ఆంధ్రప్రదేశ్‌వి.

ఆ భవనానికి ముందురోజు ఎవరైనా పటం గీసి ఉంటే అందులో ఏం కనిపించేదో ఆలోచించండి. నిద్రపోతున్న మనుషులు పైన, మంట పుట్టే అవకాశం కింద, రెంటినీ కలిపే మెట్లు, పైన తాళం. ఈ నాలుగూ వేరువేరు రిజిస్టర్లలో ఉంటే ఎవరికీ ఏమీ తట్టదు. ఒకే కాగితం మీద పడితే పదో తరగతి చదివినవాడికీ తెలుస్తుంది.

చెయ్యి తిరగడానికి సొంతూరు

క్యాంపు మొదలుపెట్టే ముందు మీ ఊరి మీద సాధన చేయండి. నాసా నడిపే ఫిర్మ్స్ అనే సైటు ఉచితం. ఉపగ్రహం భూమ్మీద వేడి చుక్కను పట్టిన కొద్ది గంటల్లోనే అది పటం మీద కనిపిస్తుంది. నిర్మల్, మంచిర్యాల, నల్లమల వైపు మార్చి నెల తెరిచి చూస్తే ఎర్రచుక్కలు రాశి పోసినట్టుంటాయి. తరవాత అదే పటాన్ని గల్ఫ్ మీదికి జరపండి. సముద్రంలో, ఎడారిలో ఏడాది పొడుగునా కదలని చుక్కలుంటాయి. అవి కార్చిచ్చులు కావు, చమురు బావుల దగ్గర మండే గ్యాసు. ఇక్కడే మొదటి పాఠం దొరుకుతుంది. తెరమీద చుక్క కనబడితే అక్కడ వేడి ఉందని మాత్రమే అర్థం, అదేమిటో నేలమీది మనిషే చెప్పాలి. పైగా ఒక్కో చుక్క 375 మీటర్ల గడికి గుర్తు, మంట ఆ గడిలో ఏ మూలైనా ఉండొచ్చు.

మన దగ్గర అడవి మంటలు ఎక్కువగా ఫిబ్రవరి నుంచి మే దాకా వస్తాయి. ఇప్పపువ్వు ఏరుకోవడానికి నేల శుభ్రం చేసేవాళ్లు, తునికాకు కొత్త చిగురు కోసం తగలబెట్టేవాళ్లు, పోడు కొట్టేవాళ్లు, బీడీ ముక్క పారేసేవాళ్లు. ఇవి చాలామటుకు నేలమీది ఆకులు కాల్చుకుంటూ పోయే మంటలే. కాలిఫోర్నియాలోలా చెట్ల తలలమీదుగా పరిగెత్తేవి అరుదు. 2014 మార్చిలో శేషాచలం మండి తిరుమలకు దగ్గరగా వచ్చినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు నీళ్లు చల్లాల్సి వచ్చింది. మామూలు ఏడాదిలో అంత దూరం రాదు. అందుకని మీ ఊరి పటంలో అడవిని పెద్దగా గీసి వదిలేయకండి. అంచు ఇళ్లు, పూరిపాకలు, గడ్డివాములు, పశువుల కొట్టాలు, బావులు, ట్రాక్టరు దూరే దారి, పగలంతా ముసలివాళ్లే ఉండే ఇళ్లు గుర్తించండి. ఈ ఇళ్లు మీకు ఉపగ్రహం చూపదు, అమ్మకు ఫోన్ చేస్తే చెబుతుంది. భారత అటవీ సర్వే సంస్థ వారి అగ్ని హెచ్చరికలకు ఎవరైనా ఫోన్ నంబరు నమోదు చేసుకోవచ్చు. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రం నడిపే భువన్‌లో ఊరి ఉపగ్రహ చిత్రం దొరుకుతుంది. క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండూ కలపడం నాలుగైదు సెలవురోజుల పని. ఆటోక్యాడ్ వచ్చినవాళ్లకు ఇంకా తక్కువ.

క్యాంపులో మొదటి అడుగు

పెన్ను తీయకముందు మేనేజరుతో ఒక ఒప్పందానికి రండి: ఈ సర్వేలో దొరికినదాన్నిబట్టి ఎవరికీ జరిమానా పడకూడదు. ఇది మెయిల్‌లో రాయించుకోండి. ఎందుకంటే మెస్ కూడు నోట్లో పెట్టలేక రూములో కరెంటు పొయ్యి మీద అన్నం వండుకునేవాళ్లు ప్రతి క్యాంపులోనూ ఉంటారు. మీరు పొయ్యి చూసి పోయిన మర్నాడే సెక్యూరిటీ వచ్చి లాక్కుపోతే, రెండో రూము నుంచి మీకు కనిపించేవన్నీ సర్దిపెట్టిన దృశ్యాలే. పొయ్యి మంచం కిందికి, వైరు పరుపు కిందికి పోతాయి. అంటే మీ సర్వే వల్లే ముప్పు పెరిగినట్టు.

అనుమతి వచ్చాక తెల్లకాగితం మీద మొదలుపెట్టండి, కంప్యూటరు తరవాత. ప్రతి అంతస్తుకూ ఒక కాగితం, చుట్టుపక్కలకు ఒకటి. రెండుసార్లు నడవండి: రాత్రి పదకొండుకు ఒకసారి, పగలు పదకొండుకు ఒకసారి. డే షిఫ్టు వాళ్లు పడుకునేదీ, నైట్ షిఫ్టు వాళ్లు పడుకునేదీ ఒకే మనుషుల లెక్క కాదు. పగలు క్యాంపు ఖాళీ అనుకుంటాం. ఆ ఖాళీ క్యాంపులో కిటికీలకు దుప్పట్లు కట్టుకుని ముప్పై నలభై మంది గాఢనిద్రలో ఉంటారు. అలారం మోగినా టెస్టింగేమో అనుకుని పక్కకు తిరిగి పడుకునేది వాళ్లే.

రూము రూముకూ నాలుగు విషయాలు చాలు. ఎంతమంది పడుకుంటారు? మంట పుట్టే వస్తువులేమిటి? త్వరగా అంటుకునేవేమిటి? తలుపు దాకా దారి ఎలా ఉంది? ఈ దేశంలో 2009 నాటి కేబినెట్ నిర్ణయం కార్మికుల వసతిలో తలకు కనీసం 3 చదరపు మీటర్లు ఉండాలంటుంది. కొలిచి చూడండి. తక్కువైతే అది పటం మీద కాదు, వేరే కాగితం మీద మేనేజరుకు చెప్పాల్సిన సంగతి.

మంట పుట్టే వస్తువులంటే ఒకదానికొకటి గుచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డులు, వేసవిలో ఆగకుండా తిరిగే పాత ఏసీలు, డెలివరీ కుర్రాళ్లు తలుపు పక్కనే రాత్రంతా చార్జింగ్ పెట్టే ఈ-బైకు బ్యాటరీలు. ఈ చివరిదాన్ని ప్రత్యేకంగా గీయండి. ఎందుకంటే అది అంటుకుంటే అంటుకునేది బయటికి పోయే దారిలోనే. ఇంకోటి మనవాళ్లకు చెప్పాలంటే మొహమాటం గానీ చెప్పక తప్పదు. ప్లైవుడ్ అరలో దేవుడి పటం, దాని ముందు వెలిగించి డ్యూటీకి పోయిన దీపం. కార్తీకమాసంలో రూములో ఒకటికి మూడు. బ్యాటరీ దీపం పెట్టుకోమంటే కోపగించుకున్న పెద్దమనుషులు కూడా, ఇత్తడి పళ్లెంలో నీళ్లుపోసి మధ్యలో ప్రమిద పెట్టి, ఎదురుగా కూర్చున్నంతసేపే వెలిగించమంటే ఒప్పుకుంటారు.

నడవాలో ఉండే కార్గో పెట్టెల సంగతి వేరు. సంక్రాంతికి ఊరికెళ్లేవాళ్లు నవంబరు నుంచే పెట్టెలు కట్టడం మొదలుపెడతారు. దుప్పట్లు, సబ్బులు, సెంట్లు, పాలపొడి. రూములో చోటుండదు, నడవాలోకి వస్తాయి. నడవా సగమవుతుంది, అట్టపెట్టెలు కాబట్టి కాలడానికీ సిద్ధం. అందుకే పటానికి తేదీ ముఖ్యం. జూన్‌లో పటం మీద పచ్చగా ఉన్న నడవా డిసెంబరులో పసుపుగా మారుతుంది.

గోడ అవతల

ఇప్పుడు కోహెన్ చెప్పిన ముప్పై మీటర్లు. ప్రహరీ బయట చుట్టూ నడవండి. అల్ జుర్ఫ్‌లో గానీ కొత్త సనాయాలో గానీ ఒక క్యాంపు పక్కన చెక్క గోడౌను, ఇంకోదాని పక్కన పెయింటు షాపు, మరోదాని వెనక పాత టైర్ల గుట్ట ఉండటం మామూలే. మీ చేతిలో లేనిదైనా పటంలో ఉండాలి. గాలి కూడా గీయండి. ఇక్కడ గట్టిగా వీచే షమాల్ గాలి వాయవ్యం నుంచి వస్తుంది. కాబట్టి మీకు వాయవ్యంగా ఉన్న గోడౌను అదే దూరంలో మరో పక్కనున్నదాని కన్నా ప్రమాదకరం. ఆ వైపు బాల్కనీల్లో ఆరేసిన బట్టలు, ఎండకు కట్టిన టార్పాలిన్లు, ఏసీల వెనక పేరుకున్న దుమ్ము, చెత్త నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంటాయి. గోడకు మీటరున్నర లోపు ఏముందో విడిగా రాయండి.

ఫైరింజను వచ్చే దారి కూడా నడిచే చూడాలి. కంపెనీ బస్సులు రాత్రి ఎక్కడ నిలుపుతారు? గేటుకు గొలుసు వేస్తారా, తాళంచెవి ఎవరి జేబులో ఉంటుంది, ఆయన ఎక్కడ పడుకుంటాడు? హైడ్రెంటు ముందు వాటర్ ట్యాంకరు నిలుపుతున్నారా? ఇవి ఏ డ్రాయింగులోనూ ఉండవు, మీరు వెళ్లి చూస్తేనే ఉంటాయి.

ఎవరికి తోడు కావాలి

రూములు, చుట్టుపక్కలు అయ్యాక మూడో పొర మనుషులది, ఇక్కడ జాగ్రత్త. ఎవరు త్వరగా కదల్లేరో తెలియాలి. అలాగని రూములోకెళ్లి, "ఎవరికి ఏ జబ్బుంది?" అని అడిగితే ఒక్కరూ చెప్పరు. మెడికల్ అన్‌ఫిట్ అయితే ఇంటికి పంపేస్తారన్న భయం ఉంది, ఆ భయం ఉత్తిదేమీ కాదు. "రాత్రిపూట అలారం మోగితే మీలో ఎవరికైనా ఒక తోడు కావాలా?" అని అడగండి. మోకాళ్ల నొప్పి ఉన్నాయన, చెవి సరిగా వినబడనాయన, బీపీ మాత్ర వేసుకుని మొద్దునిద్ర పోయే ఆయన ఆ ప్రశ్నకు చెయ్యెత్తుతారు. పటంలో పేరు వద్దు, జబ్బు అసలే వద్దు. రూము మీద ఒక చుక్క, తోడు వచ్చే మనిషి ఎవరన్నది ఆ ఇద్దరికీ తెలిస్తే చాలు.

చుక్క పెట్టాల్సినవాళ్లు ఇంకా ఉన్నారు. నిన్నమొన్న దిగిన కొత్త బ్యాచి. వాళ్లకు రెండో మెట్లున్నాయని తెలియదు, ఫోన్‌లో 997 సేవ్ చేసుకోలేదు. అది ఇక్కడి సివిల్ డిఫెన్స్, అంటే అగ్నిమాపక దళం, నంబరు, అంబులెన్సుకు 998, పోలీసులకు 999. అరబ్బీ, ఇంగ్లిషు బోర్డులు చదవలేనివాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు. ఒక అంతస్తులో తెలుగు, బెంగాలీ, నేపాలీ, పష్తో మాట్లాడేవాళ్లు ఉంటే, ప్రతి భాషకూ గొంతున్న మనిషి ఒకడు ఆ అంతస్తులోనే పడుకునేలా చూడండి.

ఆ తరవాత దారి కొలవండి. ప్రతి రూము నుంచి రెండు మెట్ల దాకా ఎన్ని తలుపులు దాటాలో లెక్కపెట్టి రాయండి. పొగ పైనుంచి కమ్ముకుంటూ దిగుతుంది, తలుపు నెత్తిమీద వెలిగే ఎగ్జిట్ బోర్డును మొట్టమొదట మింగేది అదే. నేలమీద వంగి, గోడ తడుముకుంటూ పోయేవాడికి పనికొచ్చేవి "ఎడమ చేతి వైపు ఐదో తలుపు" అన్న జ్ఞాపకం, మోకాలెత్తున వేసిన మెరిసే రంగు గీత. మేడ మీది తలుపుకు తాళం ఉందా అన్నది మాత్రం అడిగి తెలుసుకోవద్దు. ఎక్కి, తోసి చూడండి.

రంగులు వేసేటప్పుడు మూడు చాలు. సేఫ్టీ ఆఫీసుల్లో ముప్పుకు మార్కులు వేయడానికి ఐదును ఐదుతో గుణించే పట్టిక ఒకటి ఉంటుంది. దాంట్లో పడితే సగం క్యాంపు పన్నెండు అవుతుంది, పన్నెండుకు ఎవరూ లేచి నిలబడరు. నా పద్ధతి మోటుగా ఉంటుంది. పొగ మెట్లలోకి వస్తే ఈ రూమువాళ్లకు ఇంకో దారి లేదా? ఎరుపు. దారి ఉంది గానీ దాంట్లో పెట్టెలో, తాళమో, చార్జింగ్ బ్యాటరీయో ఉందా? పసుపు. మిగతావి ఆకుపచ్చ. మంట పుట్టే అవకాశం ఎంత ఎక్కువైనా, మనుషులు చిక్కుకోని చోటుకు ఎరుపు వేయకండి. ఎర్రరంగు ఎంత తక్కువ వాడితే మేనేజరు దాన్ని అంత నమ్ముతాడు.

గీత దాటకండి

ఈ దేశంలో డ్రోను ఎగరేయాలంటే రిజిస్ట్రేషనూ అనుమతీ కావాలి, అది లేకుండా ఆ ఆలోచనే వద్దు. గూగుల్ ఎర్త్ బొమ్మ సరిపోతుంది. అనుమతి లేకుండా మనుషుల ఫొటోలు తీయడం 2021 నాటి సైబర్ నేరాల చట్టం కింద శిక్షార్హం. రూములు తీసేటప్పుడు మొహాలు, మంచం మీద పడుకున్నవాళ్లు రాకుండా తీయండి, అదీ అడిగాకే. పక్క గోడౌను లోపల తొంగిచూసి ఫొటో తీయకండి, రోడ్డు మీంచి కనిపించేది రాసుకోండి. పూర్తయిన పటం వాట్సాప్ గ్రూపుల్లోకి పోకూడదు. ఎక్కడైనా మంట వచ్చినప్పుడు వీడియో తీసి, "ఇంతమంది పోయారంట" అని రాసి పంపడం ఇంకా పెద్ద తప్పు. పుకారు వ్యాపింపజేస్తే జైలు, జరిమానా రెండూ ఉన్నాయి.

పటం నుంచి పనిలోకి

గోడకు తగిలించిన పటంతో ఎవరి ప్రాణమూ నిలవదు. అమెరికాలో 2003 నాటి అటవీ చట్టం ఊళ్లకు తమ కార్చిచ్చు రక్షణ ప్రణాళిక తామే రాసుకునే వీలిచ్చింది. ఏ అంచున ఎండుపొదలు ముందు కొట్టాలి, ఏ ఇళ్ల కప్పులు మార్చాలి అన్న వరస స్థానికులూ, అగ్నిమాపక దళమూ, అటవీశాఖా కలిసి తేలుస్తారు. అక్కడ ఆ వరసకున్న విలువే ఇక్కడా ఉంది. నలభై అంశాల రిపోర్టు పంపితే ముదీర్ "ఇన్షా అల్లా" అని పక్కన పెడతాడు. ఒక్క పేజీ ఇవ్వండి. పైన పటం, కింద మూడు పనులు, ఒక్కోదానికి దిర్హాముల్లో ఖర్చు, చేస్తే ఎన్ని ఎర్ర రూములు పసుపవుతాయో, ఎన్ని పసుపు రూములు పచ్చబడతాయో.

మొదటి పనికి డబ్బు కాకూడదు. మేడ తలుపు తాళం తీసి లోపలినుంచి తోస్తే తెరుచుకునే గడియ పెట్టడం, బస్సులు నిలిపే చోటు మార్చడం, పెట్టెలకు కింద ఒక గది కేటాయించడం లాంటిది. ఇది జరిగితే రెండోది అడగడానికి మీకు ముఖముంటుంది. రెండోది కొద్ది ఖర్చుది: నడవాకు దూరంగా, పైకప్పున్న చోట బ్యాటరీల చార్జింగు అర. వంటకు ఒక మంచి గది కూడా. రూముల్లో వంట ఆపాలంటే నోటీసు అంటించడం కన్నా ఇదే నయం. మూడోది ఓనరుది. అలారం, అడ్డుగోడలు, మెట్ల తలుపులు. క్యాంపు అద్దెదైతే కంపెనీ ఓనరు పని అంటుంది, ఓనరు కంపెనీ పని అంటాడు. లీజు కాగితం ఎవరి దగ్గరుందో కంపెనీ తరఫున ప్రభుత్వ ఆఫీసుల పనులు చూసే మందూబ్‌ను అడగండి. అలారం మెయింటెనెన్స్ ఒప్పందం సివిల్ డిఫెన్స్ ఆమోదించిన కంపెనీతో ఉందో లేదో, దాని గడువు ఎప్పుడో చూడండి. హస్సంతుక్ అనే వ్యవస్థ భవనంలోని అలారాన్ని నేరుగా కంట్రోల్ రూముకు కలుపుతుంది. మీ క్యాంపు ప్యానెల్‌లో వారాల తరబడి ఫాల్ట్ లైటు వెలుగుతుంటే ఆ కలపడానికి అర్థం లేదు. ప్యానెల్ ఫొటో, తేదీతో సహా, మీ పేజీకి జతచేయండి.

ఎంత చెప్పినా వినకపోతే? మీరు రాసిన మెయిళ్లు దాచుకోండి. కార్మిక మంత్రిత్వ శాఖ యాప్‌లో వసతి గురించి ఫిర్యాదు చేయొచ్చు. ఎవరితో మాట్లాడాలో తెలియనప్పుడు దుబాయిలోని మన కాన్సులేట్ నడిపే ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం ఉచిత నంబరు 800 46342. కోపంతో కాదు, కాగితంతో వెళ్లండి.

ఒకసారి గీసి ఊరుకోవద్దు. వేసవి ఏసీలు మొదలయ్యే ముందు ఒకసారి, పెట్టెల కాలానికి ముందు ఒకసారి, కొత్త బ్యాచి దిగిన ప్రతిసారీ తాజా చేయండి. కాపీ ఒకటి గేటు దగ్గర సెక్యూరిటీ గదిలో, తలుపు లోపలివైపు ఉండాలి. సివిల్ డిఫెన్స్ వాళ్లు దిగగానే మాట్లాడేది ముదీర్‌తో కాదు, ఆ గార్డుతో.

ఉద్యోగానికి దీని విలువ

నెబోష్ అంతర్జాతీయ సర్టిఫికెట్టు ఇక్కడ సేఫ్టీ ఉద్యోగాలకు తలుపు తీస్తుంది, నిజమే. కానీ ఇంటర్వ్యూకు మీతోపాటు వచ్చి కూర్చున్న పదిమంది దగ్గరా అదే కాగితం ఉంటుంది. "పరీక్ష రాయక్కర్లేదు, సర్టిఫికెట్టు మేమే తెప్పిస్తాం" అనే ఏజెంట్ల జోలికి పోకండి. వెరిఫికేషన్‌లో ఒకసారి దొరికితే కొత్త ఉద్యోగమే కాదు, ఉన్నదీ పోతుంది. మీరు చేసిన పటమూ, దానివల్ల జరిగిన పనులూ ఎవరూ కొనుక్కోలేనివి. డ్రాఫ్ట్స్‌మన్లకు దీంతో ఇంకో దారి కూడా ఉంది. క్యూజీఐఎస్ చేతికొస్తే సర్వే కంపెనీలు, ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ కంపెనీలు, ఇండియాకు తిరిగెళ్లాక విపత్తు నిర్వహణ ప్రాజెక్టులు కూడా చూసుకోవచ్చు. ఊరి పటమూ క్యాంపు పటమూ రెండూ ఫైల్‌లో పెట్టుకోండి. ఒకటి ఉపగ్రహ సమాచారం చదవగలరని, ఇంకోటి మనుషులతో పని చేయించగలరని చూపిస్తుంది.

సీవీలో "ఫైర్ రిస్క్ మ్యాపింగ్‌లో నిపుణుడు" అని రాయకండి, మొదటి ఎదురుప్రశ్నకే దొరికిపోతారు. ఎన్ని అంతస్తుల క్యాంపు, ఎంతమంది పడుకునేవారు, మొదటి పటంలో ఎన్ని రూములు ఎర్రగా ఉన్నాయి, ఏ పని చేస్తే ఎన్ని తగ్గాయి, అది రాయండి. బయటి కంపెనీకి చూపించే కాపీలో మాత్రం క్యాంపు పేరు, రూము నంబర్లు, తోడు కావాల్సినవాళ్ల చుక్కలు తీసేసి పట్టుకెళ్లండి.